టెలివిజనుకు సౌండ్‌బారు: చుట్టుధ్వని ఎక్కడ తప్పిపోవును?

రేడియో ముందు కూర్చుండి వినుట మన కుటుంబములకు క్రొత్త కాదు. ఆ ధ్వని ఒక్క చోటినుండియే వచ్చును. నేడు కిషన్‌బాగ్ వంటి పాతబస్తీ పేటలలోను రేడియో సరసన గోడకు తగిలించిన టెలివిజనును, దాని క్రింద రెండు మూరల సౌండ్‌బారును కనిపించుచున్నవి. వేలకొలది రూపాయలు వెచ్చించిన గృహస్థు కొలది దినములకే ‘వెనుకనుంచి ఏమియు వినబడుట లేదు, పెట్టె పాడయినది’ అని దానిని దుకాణమునకు మోసికొనిపోవును. పెక్కుసార్లు పెట్టెలో దోషముండదు. ధ్వని దారిలో ఎక్కడనో రెండు పాయలుగా కుదింపబడి యుండును. ఆ చోటు కనిపెట్టు విధమును ఇచట వివరింతుము.

5.1 అను గుర్తులో 5 అనగా ఎడమ, నడుమ, కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి అను పాయలు. 1 అనగా మంద్రధ్వనికి ప్రత్యేకించిన పాయ. సంభాషణలు ముఖ్యముగా నడిమి పాయలో నుండును. 5.1.2 అనినచో పైనుండి వినిపించుటకు మరి రెండు కలవు. 2.1 అని వ్రాసిన బారునకు వెనుక పాయలే లేవు. దానిని నిందించి ప్రయోజనము లేదు.

ధ్వని బయలుదేరు చోటునుండియే పరీక్ష ప్రారంభింపవలెను. 1957 నాటి ‘మాయాబజార్’ మూలచిత్రమున ధ్వని ఒకే పాయ. రంగులద్ది 2010లో విడుదల చేసిన ప్రతికి బహుపాయల ధ్వనిని క్రొత్తగా కూర్చిరి. కావున పాత ప్రతిని చూచుచు ఘటోత్కచుని నవ్వు వెనుకనుంచి వినరాలేదని చింతింపరాదు. వార్తలును సాధారణముగా రెండు పాయలతోనే వచ్చును. ఓటీటీలో ఒకే చిత్రమునకు ఒక భాష 5.1గాను, మరియొక భాష రెండు పాయలుగాను ఉండవచ్చును. తెలుగును ఎన్నుకొనునపుడు ఆ గుర్తును చూడవలెను.

తరువాతిది తీగ. హెచ్.డి.ఎమ్.ఐ. పోర్టులన్నియు ఒకటి కావు. టెలివిజనునుండి ధ్వనిని బారునకు పంపు శక్తి ఏ.ఆర్.సి. అని గాని, ఇ.ఏ.ఆర్.సి. అని గాని వ్రాసిన పోర్టునకే కలదు. మొదటిది 2009లో వచ్చినది, కుదించిన 5.1 ధ్వనిని మోయును. రెండవది 2017లో హెచ్.డి.ఎమ్.ఐ. 2.1తో వచ్చినది, కుదించని ఎనిమిది పాయలను సైతము మోయగలదు. ఆప్టికలు తీగ డాల్బీ డిజిటల్ 5.1 వరకు పనికివచ్చును గాని అట్మాస్‌ను మోయజాలదు.

పెక్కు ఇండ్లలో తప్పు దొరకు చోటు టెలివిజను సెట్టింగులు. అందు స్పీకరుగా ఏ.ఆర్.సి.ని ఎన్నుకొని, సి.ఇ.సి.ని ఆన్ చేయవలెను. ఈ సి.ఇ.సి.కి ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరు పెట్టినది. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అను చోట పి.సి.ఎమ్. ఉన్నచో ఏ.ఆర్.సి. మార్గమున రెండు పాయలే పోవును. దానిని ఆటోకు గాని పాస్‌త్రూకు గాని మార్చవలెను. పిమ్మట 5.1 చిత్రమును పెట్టి బారుపై గుర్తును చూడుడు. డాల్బీ అని కనబడినచో దారి తెరచుకొన్నట్లే. సెట్‌టాప్ బాక్సు ధ్వనిని టెలివిజనే కుదించుచున్నచో, బారునకు హెచ్.డి.ఎమ్.ఐ. ఇన్‌పుట్ ఉన్నయెడల బాక్సును నేరుగా బారునకు కలిపి, బారునుండి టెలివిజనుకు తీగ నీయవలెను.

ఇక గది. వెనుక పెట్టెలు లేని బారులు కొన్ని ప్రక్కగోడలకు ధ్వనిని కొట్టి మనవైపు మరల్చును. ఒక ప్రక్క గోడయు, మరియొక ప్రక్క తెరచిన వాకిలియు ఉన్నచో ధ్వని ఒరిగిపోవును. పైకి పలుకు స్పీకర్లకు చదునైన స్లాబు అనుకూలము; ఏటవాలు రేకులు కావు. తీగ లేని వెనుక పెట్టెలకును కరెంటు ప్లగ్గు కావలెనని మరువరాదు.

ఇరుకు సందులలో ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని యుండును. మంద్రధ్వని పెట్టెను ఉమ్మడిగోడకు చేర్చినచో ప్రక్కయింటి పసిబిడ్డకు నిద్ర కరవగును. దానిని ఎడముగా నుంచి, రాత్రివేళ నైట్ మోడు పెట్టుకొనవలెను. నడిమి పాయ సరిగా అందినచో హెచ్చు ధ్వని లేకయే ముసలివారికి మాటలు స్పష్టమగును.

చిత్రము, తీగ, సెట్టింగు, గది—ఈ వరుసను చూచుటకు అరగంట చాలును. అప్పటికిని బారు పలుకకున్నచో, అప్పుడే దానిని దుకాణమునకు మోయవలెను.