శక్కర సీమలో డోనట్

1937లో భూమికి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి తీపి పనులు రెండు మొదలయ్యాయి. నిజాం రాజ్యంలో, బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం విన్‌స్టన్-సేలమ్‌లో వెర్నన్ రుడాల్ఫ్ అనే యువకుడు ఒక కొట్టు అద్దెకు తీసుకుని, డోనట్లు వేయించి కిరాణా దుకాణాలకు వేయడం మొదలుపెట్టాడు. వాసన పట్టుకుని వచ్చినవాళ్లు మాకూ ఇమ్మని అడగసాగారు. అతను గోడకు కన్నం పెట్టించి, పొయ్యి మీది నుంచి తీసినవి తీసినట్టే రోడ్డు మీదివాళ్లకు అమ్మాడు. ఇప్పుడు దేశదేశాల్లో కనిపించే క్రిస్పీ క్రీమ్ పుట్టుక అదే. అంత పెద్ద కంపెనీ కూడా ఒకనాడు ఊరి బేకరీయే. డోనట్ రుచి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

నిజామాబాద్ నుంచి వర్ని వైపు పోయే దారిలో ఉన్న చందూర్, మోస్రా, ఆ పక్కన రుద్రూర్, బోధన్... ఇదంతా ఒకప్పుడు చెరకు రాజ్యం. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారాకే ఇక్కడ చెరకు నిలదొక్కుకుంది. ఆ ప్రాజెక్టు కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి భూములు కొన్నారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లకు ఇప్పటికీ ‘క్యాంప్’ అనే పేరు నిలిచింది. బోధన్ దాటి కొంచెం పోతే మహారాష్ట్ర. అందుకే ఇక్కడి పండగ వంటల్లో ఇటు తెలంగాణ గరిజలు, అటు కోస్తా పాకం గారెలు, ఆ పక్క మరాఠీ పోళీలు కలిసిమెలిసి ఉంటాయి. తీపి విషయంలో ఈ జనానికి ఒకరు నేర్పాల్సిన పని లేదు.

నూనెలో వేయించిన తీపి పిండివంట ఇక్కడ కొత్తేమీ కాదు. బాలుషానే చూడండి. మైదాలో నెయ్యి, పెరుగు, చిటికెడు సోడా వేసి కలిపి, చిన్న ముద్ద చేసి, నడుమ బొటనవేలితో నొక్కుతారు. సన్నటి సెగ మీద నిదానంగా వేయించి పాకంలో వేస్తారు. ఆ నొక్కు అందానికి పెట్టింది కాదు, లోపలి పిండి కూడా ఉడకడానికి. గారెకు చిల్లు పెట్టేదీ అందుకే. డోనట్ చిల్లుకు అమెరికాలో ఒక కథ ఉంది. హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు 1847లో, నడుమ పిండి పచ్చిగా మిగిలిపోతోందని తానే ఆ చిల్లు కనిపెట్టానని ముసలితనంలో చెప్పుకున్నాడు. మన ఇళ్లలో గారె తట్టే చేతులకు ఆ కిటుకు తెలియనిది కాదు.

అయితే డోనట్ వేరు, బాలుషా వేరు. తేడా అంతా ఈస్ట్‌లో ఉంది. బాలుషా పొరలు పొరలుగా విరుగుతుంది. మంచి డోనట్ సాగుతుంది, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. అది బన్నుకు అక్కచెల్లెలు. అందుకే బన్నులు చేసే చోటే డోనట్ కుదురుకుంది.

తెలంగాణ ఊళ్లకు బేకరీ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి హైదరాబాద్ దారి. ఇరానీ హోటళ్ల ఛాయ్, దానికి తోడు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కెట్, కొబ్బరి నింపిన దిల్‌పసంద్, మొహర్రం రోజుల్లో దమ్ కే రోట్. దేశ విభజనతో కరాచీ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్‌లో పెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్‌ను ఇంటింటికీ చేర్చింది. రెండోది కన్నడ దారి. హాసన్ ప్రాంతం నుంచి వెళ్లిన అయ్యంగార్ కుటుంబం 1898లో బెంగళూరు చిక్‌పేటలో బేకరీ పెట్టింది. ఆ ఒరవడి పట్టుకుని ‘బెంగళూరు బేకరీ’, ‘అయ్యంగార్ బేకరీ’ బోర్డులు మన బస్టాండ్ల పక్కన కూడా లేచాయి. కోడిగుడ్డు వేయని కేకు, ఖారా బన్ను, పాకం తాగిన హనీ కేకు వాటితో వచ్చాయి. ఒక్క గాజు అలమరలో ఇరానీ బిస్కెట్, కన్నడ హనీ కేకు, ఎగ్ పఫ్, క్రీమ్ రోల్ పక్కపక్కన కూర్చున్నాయంటే దాని వెనక ఇంత ప్రయాణం ఉంది.

ఊళ్లో బేకరీ చేసే పని తీపి అమ్మడంతో అయిపోదు. దవాఖానలో ఉన్నవాళ్లను చూడబోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, అరటిపళ్లు ఉండాల్సిందే. జ్వరమొస్తే పాలల్లో బ్రెడ్డు. పిల్లల పుట్టినరోజుకు అర కిలో కేకు, మీద పేరు తెలుగులోనా ఇంగ్లీషులోనా అనే చర్చ. డిసెంబర్ 31 రాత్రి కేకు డబ్బాలు చేతపట్టుకుని బారులు తీరే జనం. మిగిలిపోయిన బ్రెడ్డు ముక్కలై మళ్లీ బట్టీలోకి పోయి రస్కుగా బయటికొస్తుంది, పొద్దుగాల ఛాయ్‌లో మునుగుతుంది. బన్నులో ఎర్రగా, పచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ నిజానికి పచ్చి బొప్పాయి. ముక్కలు కోసి, ఉడికించి, చక్కెర పాకంలో నానబెట్టి రంగు కలుపుతారు.

ఇక డోనట్ దగ్గరికొద్దాం. చిన్న ఊరి బేకరీలో దానికి వేరే పిండి ఉండదు. బన్నుల కోసం కలిపిన పిండిలోంచి ఒక వాటా పక్కకు తీసి, ఇంకొంచెం చక్కెర, డాల్డా దట్టిస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను తిని గాలి వదులుతుంది. మైదాలోని జిగురు ఆ గాలిని బయటికి పోనివ్వదు. పిండి రెండింతలు అవుతుంది. ఎండాకాలంలో ఇదే పెద్ద చిక్కు. నిజామాబాద్‌లో మే నెల ఎండ 44, 45 డిగ్రీలు ముట్టుకుంటుంది. ఆ వేడికి పిండి చూస్తుండగానే పొంగి పులిసిపోతుంది. అందుకే బేకరీ మాస్టర్ ఐసు నీళ్లు పోసి కలుపుతాడు, లేదా పని రాత్రికి మార్చుకుంటాడు.

పొంగిన పిండిని మందంగా ఒత్తి, పెద్ద మూతతో ఒకసారి, చిన్న మూతతో నడుమ ఒకసారి కోస్తే చక్రాలు వస్తాయి. నడుమ ఊడిన చిన్న గుండ్రాలను పారేయరు. అవీ వేగి, చక్కెరలో దొర్లి, అక్కడ కాచుకుని ఉన్న పిల్లల చేతుల్లోకి పోతాయి. కోసిన చక్రాలను ఇంకో అరగంట పొంగనిచ్చి 180, 190 డిగ్రీల నూనెలో వదులుతారు. ఒక్కో పక్క నిమిషం, ఒకటిన్నర నిమిషం చాలు. గాలి నిండిన పిండి సగం పైకి తేలుతుంది కనుక నూనెలో మునిగిన సగమే ముందు ఎర్రబడుతుంది. తిప్పి రెండో పక్క వేయించాక నడుం చుట్టూ తెల్లటి పట్టీ ఒకటి మిగిలిపోతుంది. పిండి సరిగ్గా పొంగిందో లేదో ఆ పట్టీయే చెబుతుంది. అది లేని డోనట్ బరువుగా, గట్టిగా ఉంటుంది, నూనె కూడా ఎక్కువ తాగుతుంది.

చక్కెర అద్దడానికీ ఒక సమయం ఉంది. మరీ వేడి మీద దొర్లిస్తే చక్కెర కరిగి తడి అవుతుంది, చల్లారాక దొర్లిస్తే అంటుకోదు. చాక్లెట్ పూసిన వాటి సంగతి ఇంకోటి. అసలు చాక్లెట్‌లోని కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇక్కడి ఎండలో అది అలమరలో నిలవదు. కనుక బేకరీలు వనస్పతి కొవ్వుతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ వాడతాయి. నాలుకకు కొంచెం మైనంలా తగులుతుంది కానీ కారిపోదు. ఈ ప్రాంతపు వాతావరణానికి చక్కెర అద్దిన సాదా డోనటే సరైనది, రుచిలో కూడా దానిదే పైచేయి.

“అన్నా, గరం ఉన్నయా?”

“ఇప్పుడే తీసినం, తీస్కో.”

మాపటేళ బడి వదిలాక బేకరీ ముందు వినబడే ఈ రెండు మాటల్లో డోనట్ గుట్టంతా ఉంది. వేయించిన ఈస్ట్ పిండి గంటల్లోనే గట్టిపడుతుంది. పొద్దున తయారై, డబ్బాలోకెక్కి, దూరం ప్రయాణించి వచ్చిన డోనట్ పైన ఎన్ని రంగులు పూసినా ఆ మెత్తదనం తిరిగి రాదు. 2008లో మ్యాడ్ ఓవర్ డోనట్స్, 2012లో డంకిన్ డోనట్స్, 2013లో క్రిస్పీ క్రీమ్ మన దేశంలో అడుగుపెట్టాయి. మాల్‌లో వాటి ధర చూశాక చిన్న ఊరి బేకరీలో డోనట్ కొనేవాళ్లకు తామేదో తక్కువది తింటున్నామనే బెరుకు ఉండనక్కర్లేదు. నూనె లోంచి తీసి పావుగంట కాని డోనట్ ముందు మిగతావన్నీ వెనకే.

నూనె గురించి మాత్రం అడిగి తీరాలి. మళ్లీ మళ్లీ కాగి నల్లబడిన నూనె వాసన పసిగట్టడం కష్టం కాదు. డాల్డాలో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు హాని చేస్తుంది కనుక 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. ఏ డబ్బా వాడుతున్నారో చూపించమంటే మంచి బేకరీవాళ్లు నొచ్చుకోరు.

నిజామాబాద్ జిల్లా నుంచి దుబాయ్, సౌదీ, కువైట్ పోయినవాళ్లు లెక్కలేనంతమంది. అక్కడ రంజాన్ నెలలో లుకైమాత్ చేస్తారు. అదీ ఈస్ట్ పిండే. ఉండలుగా వేయించి ఖర్జూర పాకం పోస్తారు. సెలవుకు ఇంటికొచ్చినవాళ్లకు బోధన్ బేకరీ డోనట్ అందుకే పరాయిదిగా తోచదు.

బాధ కలిగించే సంగతి చక్కెరది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా చెప్పుకున్న బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. సారంగపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకుముందే ఆగింది. పొలాలు వరికి మళ్లాయి. తన ఊరి చెరకుతో తీసిన చక్కెర వాడుకునే భాగ్యం బోధన్ బేకరీకి లేకుండా పోయింది. ఇది చిన్న నష్టం కాదు. చెరకు పండించడం, గానుగాడించడం తెలిసిన ఊళ్లు ఇవి. రుద్రూర్‌లో చెరకు పరిశోధన కేంద్రం ఉంది, ఆహార సాంకేతిక కళాశాల ఉంది. పక్కనే క్యాంపుల్లో బెల్లం పాకంలో గారెలు నానబెట్టే ఇల్లాళ్లు ఉన్నారు. ఇవన్నీ ఉన్న చోట బెల్లం పాకం డోనట్ పుట్టకపోతే ఇంకెక్కడ పుడుతుంది? పాకం లేత తీగ వచ్చేదాకా కాచి, యాలకుల పొడి వేసి, గోరువెచ్చటి డోనట్‌ను ఒక్కసారి ముంచి తీస్తే చాలు, గారెలా నానబెట్టకూడదు. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వానాకాలంలో జిగటెక్కుతుంది. ఏ రోజువి ఆ రోజే, దీపాలు పెట్టే వేళకల్లా అమ్మేయాలి.