తెలిసినవారికే తెలిసే మాట

1966లో అమెరికన్ టెలివిజన్‌లో ఆరంభమైన ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష గాథకు శాఖలెన్నో. 2020 నుండి 2024 వరకు వెలువడిన ‘లోయర్ డెక్స్’ అనే యానిమేషన్ హాస్య ధారావాహిక వానిలో ఒకటి. ‘సెరిటోస్’ నౌకలోని చిన్న ఉద్యోగులే ఇందలి ప్రధాన పాత్రలు.

పాత కథల ప్రస్తావన ఇందులో అడుగడుగునా ఎదురవుతుంది. 1973 నాటి యానిమేషన్ ధారావాహికలో స్పాక్‌కు మహాకాయుడైన ప్రతిరూపం ఒకటి పుట్టింది. దాని అస్థిపంజరం 2021లో ఇక్కడ ఒక సంగ్రాహకుని నౌకలో ప్రత్యక్షమైంది! గుర్తించినవారు పరవశించారు. ఇది గతాన్ని అమ్ముకోవడమేననీ, కొత్త ప్రేక్షకుని గుమ్మంలోనే నిలబెట్టడమనీ కొందరు అభిమానుల ఆక్షేపణ. ఆ లోకంలో బ్రతికేవారు ఆ లోకపు వీరులను తలచుకోరా అని ఇతరుల సమాధానం.

ఆ భాగంలోనే కేషాన్ అనే టమేరియన్ అధికారి ఉన్నాడు. 1991 నాటి ‘డార్మాక్’ కథలో తొలిసారి కనిపించిన ఈ జాతివారు తమ పురాగాథల ప్రస్తావనలతోనే మాట్లాడుతారు. ఓటమి అనవలసినచోట షాకా అనే పేరెత్తుతారు. అనువాదయంత్రం పదాలను తెలుపుతుంది గాని, కథ ఎరుగని కెప్టెన్ పికార్డ్‌కు అర్థం అందదు. వారి నాయకునితో కలిసి ఒక మృగాన్ని ఎదిరించవలసి వచ్చినప్పుడే ఆయనకు ఆ భాష పట్టుబడుతుంది.

ఉర్దూ కవిత్వంలో ఇటువంటి ప్రస్తావనను ‘తల్మీహ్’ అంటారు. ఫర్హాద్ అనగానే కొండ తవ్విన ప్రేమికుడు స్ఫురిస్తాడు. తెలుగులో భగీరథ ప్రయత్నమూ అంతే. పేరు భావాన్ని మోసినప్పుడే తల్మీహ్, లేకున్న ఉత్త జాబితా. ఆ అస్థిపంజరం నవ్వించి వెళ్లిపోతుంది. కేషాన్ మాత్రం, ‘డార్మాక్’ చూడనివానికి సైతం, పరభాషలో మాట్లాడుతూ మధ్యలో మాతృభాషలోకి జారిపోయే మనిషిగా అర్థమవుతాడు. అటువంటివారు మన తరగతిలోనూ ఉన్నారు.