మీకు తెలుసా? పరీక్షించీ పరీక్షించీ విరగ్గొట్టింది!

చిన్న విమానం దిగుతూ దిగుతూ కాలు విరిగి రన్‌వే మీద చతికిలబడితే పైలట్ గట్టిగా కుదేశాడనే అనుకుంటాం. కానీ ఆ రోజు అతను పువ్వులా దించి ఉండొచ్చు. విరగ్గొట్టింది అంతకుముందు జరిగిన వందల మామూలు ల్యాండింగులే కావచ్చు. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటారు.

వంచగా వంచగా...
బైండింగ్ వైరును ఒకసారి వంచితే ఏమీ కాదు. అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగుతుంది. లోహం మోయగలిగిన దానికన్నా తక్కువ భారమే అయినా, పడుతూ తొలగుతూ ఉంటే ఓ గీత దగ్గరో, తుప్పు పట్టిన గుంట దగ్గరో సన్నని పగులు మొదలవుతుంది. భారం పడ్డ ప్రతిసారీ కాస్త కాస్త ముందుకు పాకుతుంది. మిగిలిన లోహం ఇక మోయలేని రోజున భాగం ఒక్కసారిగా విరుగుతుంది.

షాక్ అబ్జార్బర్ లేని కాళ్లు
అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన రేసు పైలట్ స్టీవ్ విట్‌మన్ స్ప్రింగు స్టీలుతో విమానం కాళ్లు తయారుచేశాడు. నేల తగలగానే విచ్చుకుని, మళ్లీ యథాస్థితికి వస్తాయి. సెస్నా కంపెనీ ఆ డిజైన్ హక్కులు తీసుకుని 1946లో వచ్చిన సెస్నా 140కి అవే కాళ్లు పెట్టింది. అంటే దిగిన ప్రతిసారీ కాలు వంగాల్సిందే!

కాలు గట్టిదే, పట్టు వదిలింది
సెస్నా 210 గాల్లోకి లేచాక కాళ్లు వెనక్కి ముడుచుకుంటుంది. 1960ల నాటి మోడళ్లలో ఒక్కో కాలినీ పట్టుకుని తిప్పే శాడిల్ అనే భాగానికి ఫెటీగ్ పగుళ్లు వచ్చాయి. అది విరిగితే కాలు పూర్తిగా దిగి లాక్ కాదు, సగంలో వేలాడుతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1976లో ఈ శాడిళ్ల తనిఖీపై ఆదేశం ఇచ్చింది.

తమ విమానాన్ని తామే టీవీలో చూశారు
2005 సెప్టెంబర్ 21. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నుంచి న్యూయార్క్ బయల్దేరిన జెట్‌బ్లూ సంస్థ 292 విమానంలో ముందు చక్రాలు 90 డిగ్రీలు అడ్డం తిరిగిపోయాయి. ఇంధనం తగ్గించుకోవడానికి విమానం గంటల తరబడి గాల్లో తిరిగింది. తమ విమానం గురించిన వార్తను ప్రయాణికులు సీట్ల ముందున్న టీవీల్లో లైవ్‌గా చూశారు! లాస్ ఏంజెలెస్‌లో నిప్పురవ్వలు చిమ్ముతూ దిగింది. లోపలున్న 146 మందిలో ఎవరికీ గాయం కాలేదు.

దర్యాప్తులో తేలిన కారణం ఇంకా విచిత్రం. దిగబోతూ, ముందు చక్రాల స్టీరింగ్ సరిగ్గా ఉందో లేదో విమానంలోని వ్యవస్థే పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షలు మళ్లీ మళ్లీ జరగడంతోనే, చక్రాలు పక్కకు తిరగకుండా ఆపే రెండు లగ్‌లు ఫెటీగ్‌కు గురై విరిగాయి. కాపాడాల్సిన పరీక్షే కొంప ముంచింది!

పగులును ఎలా పట్టుకుంటారు?
స్టీలు భాగమైతే అయస్కాంతీకరించి, మెత్తని ఇనుప రజను వేస్తారు. పగులున్న చోట రజను గీతలా పోగవుతుంది. అల్యూమినియం అయితే రంగు ద్రవం పూసి తుడిచేస్తారు. పగుల్లోకి దిగిన రంగు ఆపైన డెవలపర్ పూయగానే పైకి వచ్చి దాని జాడ చెబుతుంది.

స్టీలు వేరు, అల్యూమినియం వేరు
1860ల్లో జర్మన్ ఇంజనీర్ ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షిస్తూ ఒక సంగతి గమనించాడు. ఓ హద్దుకు లోబడి భారం వేస్తే స్టీలు దాదాపు ఎన్నిసార్లయినా తట్టుకుంటుంది. తుప్పు పట్టినా, గీత పడినా ఆ హామీ పోతుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దే లేదు. చిన్న భారమైనా చాలాసార్లు పడితే ఏదో ఒకనాటికి పగులుతుంది. అందుకే విమానంలో కొన్ని భాగాలకు గంటల లెక్కనో, ల్యాండింగుల లెక్కనో ఆయుష్షు రాసిపెడతారు. ఆ లెక్క నిండితే, చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తున్నా, తీసి పారేయాల్సిందే.