వాసన తెలియట్లేదా? మెదడు సంగతీ చూడాలి!

తాలింపు మాడిపోయింది. హాల్లో ఫోన్ చూస్తున్న మనకు వాసన తగిలింది. పొయ్యి పక్కనే ఉన్న అమ్మమ్మకు మాత్రం తెలియలేదు. ‘వయసైపోయింది కదా’ అని వదిలేస్తాం. కానీ అల్జీమర్స్‌లో మతిమరుపు బయటపడక ముందే ముక్కు మొరాయించొచ్చు.

ఎందుకలా? వాసనల కబురు ముందుగా మెదడులోని ఆల్‌ఫ్యాక్టరీ బల్బ్‌కు చేరుతుంది. అక్కడి నుంచి వెళ్లే చోట్లలో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. జ్ఞాపకాల కేంద్రమైన హిప్పోక్యాంపస్‌కు అది గుమ్మం లాంటిది. అల్జీమర్స్‌లో టావ్ ప్రొటీన్ చిక్కులు మొదట్లోనే పడేదీ ఆ చుట్టుపక్కలే.

2025లో జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు ఇంకో కారణం చూపించారు. మెదడులో చెత్త ఊడ్చే మైక్రోగ్లియా కణాలు, ఆ బల్బ్‌కు వచ్చే కొన్ని నరాల పోగుల్ని కూడా చెత్తే అనుకుని తినేస్తున్నాయట! ఎలుకల్లో ఇది గమనించారు. రోగుల మెదడు నమూనాలు, స్కాన్లూ దీన్ని బలపరిచాయి.

అలాగని కంగారు వద్దు. జలుబు, సైనస్, కోవిడ్, వయసు... వాసన తగ్గడానికి కారణాలు బోలెడు. వాసన తగ్గిన ప్రతి ఒక్కరికీ అల్జీమర్స్ రాదు.

చిక్కేంటంటే, చాలామందికి తమకు వాసన తగ్గిందనే తెలియదు. ఈసారి ఇంటికెళ్తే అమ్మమ్మ, తాతయ్యల కళ్లు మూయించి కాఫీ పొడి, ఇంగువ, సబ్బు వాసన చూపించండి. ఇది పరీక్ష కాదు, ఆటే. తేడా అనిపిస్తే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే న్యూరాలజిస్ట్‌నూ కలవండి.

ఇంకోటి. గ్యాస్ లీకైతే తెలియాలనే అందులో ఘాటు వాసన కలుపుతారు. అది పట్టలేని వాళ్ల వంటింట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టించండి. ఆ పని ఇవాళే!