మీకు తెలుసా? చక్రం నేల విడిచే దాకా సాగే కొలత

రాళ్లగుట్ట ఎక్కుతున్న జీపు ఫొటో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఒక ముందు చక్రం మడ్‌గార్డులోకి దూరిపోయి ఉంటుంది, రెండోది కిందికి వేలాడుతుంటుంది, బాడీ మాత్రం పెద్దగా ఒరగదు. చక్రాలు ఇలా ఒకటి పైకి, ఒకటి కిందికి కదలగలగడాన్ని ఆఫ్‌రోడ్ వాళ్లు ఆర్టిక్యులేషన్ అంటారు. షోరూమ్ నుంచి వచ్చిన బండికి, ఒక్క నట్టు కూడా మార్చకముందే, అది ఎంత ఉందో కొలిచి చూసుకోవచ్చు.

ఆ లెక్కను తెచ్చింది ఒక పత్రిక

అమెరికాలోని ‘ఫోర్ వీలర్’ పత్రిక 1980ల చివర్లో ఈ కొలతను వాడుకలోకి తెచ్చింది. పేరు ర్యాంప్ ట్రావెల్ ఇండెక్స్. 20 డిగ్రీల వాలున్న ర్యాంపు మీదికి ఒక్క ముందు చక్రాన్నే ఎక్కిస్తారు, మిగతా మూడూ చదును నేల మీదే ఉంటాయి. బండిని అంగుళం అంగుళం ముందుకు పోనిస్తూ, మిగతా చక్రాల్లో ఒకటి నేల విడవగానే ఆపేస్తారు. సాధారణంగా లేచేది అదే వైపు వెనక చక్రం. ముందు చక్రం ర్యాంపు వాలు వెంట ఎంత దూరం ఎక్కిందో కొలిచి, దాన్ని బండి వీల్‌బేస్‌తో, అంటే ముందు వెనక చక్రాల నడుమ దూరంతో భాగించి, 1000తో గుణిస్తే వచ్చేదే స్కోరు. మామూలు ఎస్‌యూవీలకు అది 400, 550 మధ్య ఉంటుంది. బాగా మార్పులు చేయించిన బండ్లు 1000 దాటుతాయి.

వెయ్యి అనే అంకె వెనక ఉన్నది

ముందు చక్రం వాలు మీద సరిగ్గా వీల్‌బేస్ అంత దూరం ఎక్కితే 1000. అంటే అప్పటికి అదే వైపు వెనక చక్రం ర్యాంపు మొదలుకు వచ్చేసిందన్న మాట. వెయ్యి దాటిన బండికి ఒక పక్క రెండు చక్రాలూ ర్యాంపు మీదే ఉంటాయి. మహీంద్రా థార్ మూడు డోర్ల బండి వీల్‌బేస్ 2450 మి.మీ. అది 1000 తెచ్చుకోవాలంటే ముందు చక్రం 838 మి.మీ. పైకి లేవాలి, అప్పటికీ మిగతా మూడు చక్రాలు నేలను విడవకూడదు. మన ఇళ్లలోని డైనింగ్ టేబుల్ కంటే ఎత్తు అది. కంపెనీ బండి అందులో సగం చేరినా మంచి స్కోరే.

ర్యాంపు వాలు చెప్పని స్కోరుకు విలువ లేదు

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. 20 డిగ్రీల ర్యాంపే కాదు, 23, 30 డిగ్రీల ర్యాంపులు కూడా వాడుకలో ఉన్నాయి. ముందు చక్రం 500 మి.మీ. లేచేసరికి ఒక బండి వెనక చక్రం నేల విడిచిందనుకుందాం. 20 డిగ్రీల వాలు మీద ఆ ఎత్తుకు చేరాలంటే 1462 మి.మీ. ఎక్కాలి, 30 డిగ్రీల వాలు మీదైతే 1000 మి.మీ. చాలు. ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2590 మి.మీ. కాబట్టి మొదటి ర్యాంపు మీద దాని స్కోరు 564, రెండో దాని మీద 386. బండి అదే, స్ప్రింగులు అవే.

వీల్‌బేస్ సంగతీ అంతే. అదే 500 మి.మీ. ఎత్తు, అదే 20 డిగ్రీల వాలు తీసుకుంటే మూడు డోర్ల థార్‌కు 597 వస్తుంది, 2850 మి.మీ. వీల్‌బేస్ ఉన్న థార్ రాక్స్‌కు 513. ఇవి లెక్క ఎలా మారుతుందో చూపడానికి వేసినవే కానీ ఆ బండ్లను పరీక్షించిన ఫలితాలు కావు. పొడవాటి బండికి మార్కులు తగ్గడం ఈ సూత్రంలోనే ఉంది. అందుకే రెండు వేర్వేరు పొడవుల బండ్ల స్కోర్లు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడం నాకు సమ్మతం కాదు. ఒకే బండికి మార్పులు చేయించక ముందు ఎంత, తర్వాత ఎంత అని చూసుకోవడానికైతే ఇది బాగా పనికొస్తుంది.

ర్యాంపు లేకపోయినా కొలవచ్చు

ఫోర్క్‌లిఫ్ట్ దొరికితే దాని మీద ఒక ముందు చక్రాన్ని ఉంచి మెల్లగా లేపుతారు. వెనక చక్రం నేల విడిచే సమయానికి ముందు చక్రం ఎంత ఎత్తులో ఉందో చూసి, దాన్ని 0.342తో భాగిస్తే 20 డిగ్రీల ర్యాంపు మీద ఎక్కే దూరం వచ్చేస్తుంది. చక్రం ఎప్పుడు నేల విడిచిందో కంటితో చెప్పడం కష్టం, ఎందుకంటే రబ్బరు టైరు బరువు తగ్గేకొద్దీ కొద్దికొద్దిగా ఉబ్బుతూ నేలను అంటుకునే ఉంటుంది. దానికి ఒక చక్కని ఉపాయం ఉంది. వెనక టైరు కింద ముందే ఒక కాగితం పెట్టి ఉంచాలి. బండి బరువు టైరు మీద ఉన్నంతసేపూ లాగితే కాగితం చిరుగుతుందే తప్ప రాదు. అది చిరగకుండా జారి వచ్చిన చోట ఆపి కొలవాలి.

స్కోరు కంటే ఎక్కువ చెప్పేది టేపు కొలత. బండి చదునుగా ఉన్నప్పుడు నాలుగు చక్రాల దగ్గరా హబ్ నడిమి నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. చక్రం లేపిన తర్వాత మళ్లీ అవే నాలుగు చోట్ల కొలవాలి. తేడా చూస్తే ఏ మూల ఎంత నొక్కుకుంది, ఏ మూల ఎంత జారిందన్నది తెలిసిపోతుంది. నొక్కుకున్న వైపు బంప్ స్టాపు రబ్బరు అడ్డుపడిందా, జారిన వైపు షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగి ఆగిందా అన్నది కూడా వంగి చూడాలి. బండి కదలకుండా నేల మీదున్న చక్రాలకు అడ్డు పెట్టకుండా, పక్కన ఒక మనిషి లేకుండా ఈ పని చెయ్యకూడదు. లేపి ఉన్న బండి కిందికి తల దూర్చనే కూడదు.

అడ్డుపడేది చాలాసార్లు ఒక ఇనుప కడ్డీ

స్ప్రింగులు మెత్తగా ఉన్నా, షాక్‌లు పొడుగ్గా ఉన్నా చక్రం కిందికి జారకపోతే, స్టెబిలైజర్ బార్‌ను చూడండి. కుడి ఎడమ చక్రాలను కలుపుతూ అడ్డంగా ఉండే ఈ కడ్డీ రోడ్డు మలుపులో బండి ఒరగకుండా పట్టి ఉంచుతుంది. రాళ్ల మీద మనకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక చక్రం లేస్తే రెండోదాన్ని కూడా పైకి లాగడమే దాని స్వభావం. జీప్ సంస్థ 2007 మోడల్ రాంగ్లర్ రూబికాన్ నుంచి ముందు బార్‌ను ఒక్క మీట నొక్కితే విడిపోయేలా చేసింది. వేగం పెరిగితే అది తనంతట తానే మళ్లీ కలుసుకుంటుంది. టొయోటా వేరే దారి పట్టింది. ముందు, వెనక బార్లను నూనె గొట్టాలతో కలిపే కేడీఎస్ఎస్ అనే ఏర్పాటు వాళ్ల పెద్ద బండ్లలో ఉంది. మలుపులో ముందూ వెనకా ఒకే వైపు ఒరిగితే నూనె ఎటూ కదలక బార్లు బిగుసుకుంటాయి. గుంటల్లో ముందు ఇరుసు ఒకవైపు, వెనక ఇరుసు మరోవైపు మెలితిరిగితే నూనె అటూ ఇటూ పారి బార్లు వదులవుతాయి. డ్రైవరు ఏ మీటా నొక్కనక్కర్లేదు.

కాబట్టి ఏ బండి స్కోరైనా చెప్పేటప్పుడు బార్ కలిపి ఉందా, విప్పారా అన్నది కూడా చెప్పాలి.

జిమ్నీకీ థార్‌కూ ముందు వైపు పెద్ద తేడా

జిమ్నీకి ముందూ వెనకా ఏకఖండపు ఇరుసులే. 2020 థార్‌కు వెనక మాత్రమే అలాంటిది, ముందు చక్రాలు దేనికవే విడిగా కదులుతాయి. ఏకఖండపు ఇరుసులో ఒక కొసను రాయి పైకి నెడితే రెండో కొస కిందికి దిగి నేలను వెతుక్కుంటుంది. విడి చక్రాలకు ఆ సాయం ఉండదు. రోడ్డు మీద సుఖం, స్టీరింగ్ నిలకడ మాత్రం విడి చక్రాలదే. 1970లో వచ్చిన తొలి రేంజ్ రోవర్ రెండు వైపులా ఇరుసులు ఉంచుకుంటూనే వాటికి మెత్తని, ఎక్కువ దూరం కదిలే కాయిల్ స్ప్రింగులు పెట్టింది. అంత మెత్తని స్ప్రింగులు సామాను ఎక్కించగానే వెనక కుంగిపోతాయి కనుక దాన్ని తిరిగి సమంగా నిలబెట్టే పరికరాన్ని కూడా వెనక అమర్చారు.

నేలకు తగిలితే సరిపోదు

ర్యాంపు చెప్పేది చక్రం నేలకు ఆనుకుని ఉందా లేదా అన్నంత వరకే. ఎంత బరువుతో ఆనుకుని ఉందో చెప్పదు. స్ప్రింగు పూర్తిగా సాగిపోయి వేలాడుతున్న టైరు నేలకు తగులుతూనే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. మామూలు డిఫరెన్షియల్ ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే పంపుతుంది. ఒక చక్రం పట్టు లేక గిర్రున తిరిగితే నేల మీదున్న రెండోదానికీ అంతే కొద్ది బలం అందుతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. ఆ రెండు చక్రాలనూ ఒకటిగా తిప్పే డిఫ్ లాకులు, తిరిగిపోయే చక్రానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు వచ్చింది ఇందుకే. అసలు సంగతి తెలియాలంటే నాలుగు టైర్ల కిందా నాలుగు తూకం పలకలు పెట్టి, మెలితిరిగి ఉన్న బండి బరువు ఎలా పంచుకుందో చూడాలి. పత్రికలు స్కోరుతో పాటు ఆ నాలుగు అంకెలు కూడా వేస్తే కొనేవాళ్లకు ఎంతో మేలు.

స్ప్రింగు లేకుండానే మెలితిరిగే బండ్లు

మన పొలంలో దమ్ము చేసే ట్రాక్టరు ముందు ఇరుసు కింద మామూలుగా స్ప్రింగు ఉండదు. ఇరుసు మొత్తం నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. గట్టు మీదికి ఒక చక్రం ఎక్కినా రెండోది మడిలోనే ఉంటుంది. జర్మనీ యునిమాగ్ ట్రక్కులోనైతే ఛాసిస్ కూడా కొంత మెలితిరుగుతుంది. ఆ మెలి తగలకుండా క్యాబిన్‌ను మూడు చోట్లే ఆనించారు.

స్ప్రింగులు అసలే లేకుండా ఇంకా దూరం వెళ్లినవి గ్రహాల మీద తిరిగే రోవర్లు. 1997లో అంగారకుడి మీద దిగిన నాసా సోజర్నర్ నుంచి పర్సెవరెన్స్ దాకా అన్నింటికీ ఆరు చక్రాలు, రాకర్ బోగీ అనే అమరిక. ఒక్కో పక్కన కీళ్లతో కలిపిన చేతులు, రెండు పక్కలనూ కలిపే మరో అమరిక. ఒక చక్రం రాయి ఎక్కితే మిగతావి సర్దుకుని, ఆరూ దాదాపు సమానంగా బరువు మోస్తాయి. ర్యాంపు కొలవలేని పని అదే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ కూడా రాకర్ బోగీ బండే. 26 కిలోల ఆ రోవర్ సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున నడిచి, దారిలో నాలుగు మీటర్ల వెడల్పున్న గుంట ఎదురైతే వెనక్కి మళ్లి, చంద్రుడి నేల మీద 100 మీటర్లు దాటింది.