నోటి క్యాన్సరు: చికిత్స ముగిసిన పిమ్మట ఎవరి వద్దకు వెళ్లవలె?

మన ప్రాంతంలో తాంబూలానికి గల గౌరవం అందరికీ తెలిసినదే. విందు ముగిసిన పిమ్మట పాన్‌దాన్ తెరవడం హైదరాబాదు మర్యాదలలో ఒకటి. మరికొందరికి జర్దా, ఖైనీ, గుట్కా, చుట్ట. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని పీల్చే అడ్డపొగ. పొగాకు మాత్రమే కాదు, పోకచెక్క సయితం క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటంలో స్పష్టం చేసింది. ఈ అలవాట్ల కీడును గురించి పలువురు వ్రాసి ఉన్నారు. మేము ఇక్కడ వివరింపదలచినది అంతగా చర్చకు రాని మరొక విషయం. చికిత్స పూర్తియై ఇంటికి వచ్చిన రోగి ఆ తరువాత ఎవరి వద్దకు వెళ్లవలె?

మాకు పరిచయమున్న ఒక పెద్దమనిషి ఉదంతంతో ప్రారంభిస్తాము. బుగ్గ లోపలి పుండు క్యాన్సరని తేలగా, ఆయనకు శస్త్రచికిత్స చేసి, పిమ్మట ఆరు వారాల రేడియేషన్ ఇచ్చారు. గండం గడిచిందని ఇంటివారు పేదలకు అన్నదానం చేశారు. ఆసుపత్రి కాగితాలు బీరువాలోకి చేరాయి. రెండేళ్లకు క్రింది దవడలో పన్ను నొప్పి పుట్టింది. వీధి చివరనున్న పళ్ల డాక్టరు ఆ పన్ను తీసివేశాడు. రేడియేషన్ సంగతి ఆయన అడుగలేదు, వీరు చెప్పలేదు. ఆ గాయం నెలలు గడిచినా మానలేదు. తుదకు దవడ ఎముక బయటపడింది. క్యాన్సరు తిరిగి రాలేదు. అయినా ఆ మనిషి మరల ఆసుపత్రి పాలయ్యాడు.

ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. రేడియేషన్ సోకిన ఎముకలో రక్తనాళాలు క్షీణించి, గాయం మాన్పుకొనే శక్తి తగ్గుతుందనీ, ఆ ప్రమాదం ఏళ్లు గడిచినా తొలగదనీ ఆ ఇంట ఎవరూ ఎరుగరు. చికిత్స ముగియడం ఒక అధ్యాయం ముగియడమే గాని గ్రంథం ముగియడం కాదు.

తదుపరి పరీక్షల ప్రయోజనాలు రెండు. మొదటిది, వ్యాధి తిరిగి వస్తే తొలిదశలోనే పట్టుకొనడం. తిరిగి వచ్చే క్యాన్సర్లలో అధిక భాగం మొదటి రెండేళ్లలోనే కనిపిస్తాయి. అందువలన మొదటి సంవత్సరం ఒకటి నుండి మూడు నెలలకొకసారి, రెండవ సంవత్సరం రెండు నుండి ఆరు నెలలకొకసారి, మూడు మొదలు ఐదవ సంవత్సరం వరకు నాలుగు నుండి ఎనిమిది నెలలకొకసారి, ఆపైన ఏటా ఒకసారి చూపించుకొనడం సాధారణంగా అనుసరించే పద్ధతి. రెండవది, చికిత్స వలన కలిగిన ఇబ్బందులను సరిదిద్దడం. మొదటి పనికి ఒక ప్రధాన వైద్యుడు చాలును. రెండవ పనికి పలువురు కావలె.

ఆ ప్రధాన వైద్యుడు ఎవరు? వీలైనంతవరకు చికిత్స చేసిన శస్త్రవైద్యుడో, రేడియేషన్ నిపుణుడో కావడం ఉత్తమం. నోటిలో ఏ మచ్చ పాతదో, ఏ గట్టిదనం కుట్టు వలన వచ్చినదో వారికి తెలుసు. ఊరు మారవలసి వస్తే, తల, మెడ క్యాన్సర్లను నిత్యం చూచే వైద్యుని వద్దకు పూర్తి కాగితాలతో వెళ్లవలె. తగిన వైద్యుని గుర్తించడం కష్టం కాదు. ఆయన వెలుతురులో నాలుక క్రింద, బుగ్గల లోపల చూస్తాడు. మెడను రెండు ప్రక్కలా చేతితో తడిమి చూస్తాడు. మరల రావలసిన తేదీని, అంతకుముందే రావలసిన లక్షణాలను చెప్పి పంపుతాడు. ప్రతిసారీ స్కానింగు వ్రాయకపోతే నిర్లక్ష్యమని భావింపరాదు. ఏ లక్షణమూ లేనప్పుడు శ్రద్ధగా కంటితో చూచి చేతితో తడిమే పరీక్షే ముఖ్యం.

ఇక తక్కినవారి సంగతి. రేడియేషన్ వలన లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. కనుక పళ్ల డాక్టరు క్రమం తప్పక చూడవలె. ఫ్లోరైడు వాడకం ఆయన సలహా ప్రకారం సాగవలె. పన్ను తీయవలసి వస్తే రేడియేషన్ నిపుణునితో సంప్రదించకుండా తీయింపరాదు. నోరు తెరిచినపుడు మన మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలె. రానురాను ఆ వెడల్పు తగ్గుతూ ఉంటే దవడ వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు అవసరం. మెడ గ్రంథులు తీసిన పిమ్మట చేయి పైకి లేవకపోయినా ఆయన వద్దకే వెళ్లవలె. నీరు త్రాగగానే పొలమారుతున్నా, మాట స్పష్టత తప్పినా మాట, మింగుడు శిక్షణ ఇచ్చే నిపుణుడు కావలె. మెడకు రేడియేషన్ సోకిన వారికి ఆరు నుండి పన్నెండు నెలలకొకసారి థైరాయిడ్ రక్తపరీక్ష అవసరం. అలసట, చలి, ఒంటి బరువు పెరగడం వార్ధక్యం వలన అని సరిపెట్టుకొనేవారు చాలామంది. మెత్తని ఆహారంతోనే బలం నిలుపుకొనడానికి ఆహార నిపుణుడు తోడ్పడతాడు. ముఖం మారినందుకు నలుగురిలోకి రాలేక కుమిలిపోయే వానికి మానసిక వైద్యుడు కూడా వైద్యుడే.

ఇందరు ఎక్కడ దొరుకుతారని సందేహం కలుగవచ్చు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి 1955లో వెలసింది. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా, పిమ్మట 1960లో గుజరాత్ తొలి గవర్నరుగా ఉన్న వారి పేరిట అది నేటికీ పేదల క్యాన్సరు వైద్యాలయంగా నిలిచి ఉన్నది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నది. మాట శిక్షణకు సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. విశాఖ వైపు వారికి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి దగ్గర. పొగాకు మానలేని వారికి 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సేవ ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన నాటినుండి నెట్‌వర్క్ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. ఏ పరీక్ష పథకం క్రిందకు వస్తుందో, ఏది రాదో వారిని ముందే అడగవలె.

ఊరిలోని కుటుంబ వైద్యుని కూడా మరువరాదు. జ్వరానికీ, రక్తపోటుకూ ఆయనే దిక్కు. మూడు వారాలకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మెడలో గడ్డ, తగ్గని చెవిపోటు, నోటి నుండి రక్తం, మింగుటకు కష్టం, అకారణంగా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నిర్ణీత తేదీ కొరకు ఆగక ప్రధాన వైద్యుని వద్దకు పంపవలసినదని ఆయనకు చెప్పి ఉంచవలె.

ఈ అందరినీ కలిపే దారం ఒక్కటే: కాగితాల సంచి. డిశ్చార్జి పత్రం, బయాప్సీ నివేదికలు, ఆపరేషను వివరాలు, రేడియేషన్ ఏ భాగానికి ఎంత మోతాదులో ఎన్ని రోజులు ఇచ్చారో తెలిపే పత్రం అందులో ఉండవలె. ఏ డాక్టరు వద్దకు వెళ్లినా, పంటి నొప్పికైనా సరే, ఆ సంచి రోగి చేతిలో ఉండవలె.

అయితే ఆ పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి. మన పెద్దలలో చాలామందికి ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. మేము పైన చెప్పిన పెద్దమనిషి బీరువాలోని డిశ్చార్జి పత్రంలో, రేడియేషన్ నిపుణుని సలహా లేకుండా పన్ను తీయింపరాదని ఒక పంక్తి స్పష్టంగా అచ్చయి ఉన్నది. అప్పటికి ఆ ఇంట ఇద్దరు పిల్లలు కళాశాలలో చదువుతున్నారు. వారిని ఆ కాగితం చదివి చెప్పమని ఎవరూ అడుగలేదు, వారూ అడిగి తీసుకొనలేదు. మన ఇంట, మన వీధిలో అట్టి బీరువాలు ఇంకెన్ని ఉన్నవో! వాటిలోని పత్రాలను బయటకు తీసి, పెద్దలకు వారి భాషలో చదివి చెప్పడం, తదుపరి తేదీని క్యాలెండరు మీద వ్రాసిపెట్టడం, ఆ రోజున తోడు వెళ్లడం చదువుకొన్న మన పని.