నాలుక మీద తీపి చచ్చింది సరే.. ఒంట్లో షుగర్ సంగతేంటి?

పొడపత్రి ఆకు పచ్చిది ఒకటి తీసుకుని నోట్లో వేసుకోండి. నిమిషం, నిమిషంన్నర బాగా నమిలి, ఆ రసం నాలుకంతా తగిలేలా తిప్పి ఉమ్మేయండి. కాస్త చేదు, కాస్త పసరు వాసన. అంతకుమించి ఏమీ ఉండదు. ఇప్పుడు ఒక చెంచా చక్కెర వేసుకోండి. పళ్ళ కింద కరకరలాడుతుంది, కరిగిపోతుంది కూడా. కానీ తీపి మాత్రం లేదు! అచ్చం ఇసుక నమిలినట్టే ఉంటుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు నవ్వాగలేదు. గులాబ్ జామూన్ తింటే నూనెలో నానిన తడి పిండిముద్దలా ఉంది. తేనె జిగురులా అనిపించింది. కమలాపండు పులుపు తప్ప ఏమీ లేదు. మిల్క్ చాక్లెట్ అయితే కొవ్వొత్తి కొరికినట్టే. ఉప్పు, పులుపు, చేదు, కారం మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క తీపినే ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఆపేశారు. అరగంట నుంచి గంటలోపు రుచి మెల్లగా వెనక్కి వచ్చేస్తుంది, కంగారేం లేదు.

అందుకే హిందీలో దీన్ని గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది. సంస్కృతంలో మధునాశిని. ఇంకో పేరు మేషశృంగి. జంటగా వచ్చే దీని కాయలు పొట్టేలు కొమ్ముల్లా ఉంటాయని ఆ పేరు. శాస్త్రీయ నామం జిమ్నెమా సిల్వెస్ట్రే. మన తూర్పు కనుమల అడవుల్లోనూ, దక్కను పొదల్లోనూ పక్క చెట్లకి అల్లుకుంటూ పెరిగే తీగ ఇది. వరసకి జిల్లేడుకి చుట్టం. గింజలకి జిల్లేడు గింజల్లాగే తెల్లటి దూది కుచ్చు ఉంటుంది.

ఆకులో ఏముంది?

పంతొమ్మిదో శతాబ్దంలో ఎడ్జ్‌వర్త్ అనే ఆయన ఈ ఆకు నమిలాక తాగిన టీలో చక్కెర రుచి తెలియడం లేదని గమనించాడు. తర్వాత 1887లో ఊటీలో పనిచేస్తున్న డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆకుల్లోంచి ఆ పదార్థాన్ని వేరు చేసి జిమ్నెమిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. అది ఒక్క పదార్థం కాదనీ, ఒకే కుటుంబానికి చెందిన పదికి పైగా రసాయనాల గుంపు అనీ తర్వాత తేలింది. ఇవి ట్రైటెర్పినాయిడ్ సపోనిన్లు. పేరు చూసి భయపడకండి. కుంకుడుకాయకి నురగ వచ్చేది కూడా సపోనిన్ల వల్లే.

మన నాలుక మీద తీపిని పట్టుకునే రిసెప్టర్ రెండు ముక్కల జోడీ. వాటి పేర్లు టి1ఆర్2, టి1ఆర్3. జిమ్నెమిక్ ఆమ్లం వెళ్ళి టి1ఆర్3కి అతుక్కుంటుంది. దాంతో చక్కెర వచ్చి తలుపు కొట్టినా లోపలి నుంచి మెదడుకి కబురు వెళ్ళదు. శాకరిన్, ఆస్పర్టేమ్ లాంటి కృత్రిమ తీపి కూడా ఇదే తలుపు కొడుతుంది కాబట్టి డైట్ కూల్‌డ్రింక్ కూడా చప్పబడిపోతుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. జిమ్నెమిక్ ఆమ్లం మనుషుల మీద, చింపాంజీల మీద పనిచేస్తుంది కానీ ఎలుకల మీద పనిచేయదు. మరి ఎలుకల కోసం అన్నట్టు అదే ఆకులో గుర్మారిన్ అని ఇంకో పదార్థం ఉంది. 35 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది. ఎలుకలకి తీపి తెలియకుండా చేస్తుంది, మనకి మాత్రం దాని ప్రభావం దాదాపు ఉండదు. మొక్క ఇదంతా మన డయాబెటిస్ కోసం తయారుచేసుకోలేదు లెండి. జిమ్నెమిక్ ఆమ్లాలు ఉన్న ఆకుని కొన్ని గొంగళిపురుగులు ముట్టవని ప్రయోగాల్లో చూశారు. తనని తినకుండా కాపాడుకోవడం దాని అవసరం.

అసలు గొడవ ఇక్కడే

మా పెదనాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్. ఆయనకి ఈ ఆకు పరిచయమైంది వాట్సాప్‌లో. ఎవరో ఆకు నమిలి చక్కెర తిని "చూశారా, చక్కెర చచ్చిపోయింది!" అని చూపించే వీడియో అది. ఇంకేముంది, మర్నాడే పొడి డబ్బా కొనేశారు. ఆయన లాజిక్ సింపుల్: నోట్లో చక్కెరని చంపిన ఆకు, రక్తంలో చంపదా?

తెలుగులో మనకో ఇబ్బంది ఉంది. జబ్బునీ షుగర్ అంటాం, చక్కెరనీ షుగర్ అంటాం. అందుకే ఈ తికమక ఇంత తేలిగ్గా నమ్మబుద్ధేస్తుంది. నిజానికి ఆకు చక్కెరని ఏమీ చేయలేదు, మన నాలుకని మోసం చేసిందంతే. తీపి తెలియకుండా తిన్న ఆ చెంచా చక్కెర ఎప్పటిలాగే పేగుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్తుంది. గ్లూకోమీటర్‌తో చెక్ చేస్తే తెలిసిపోతుంది. పొడి క్యాప్సూల్‌లో వేసుకుని మింగితే ఇంకా తమాషా. నాలుకకి తగల్లేదు కాబట్టి రుచి కూడా పోదు.

అలాగని రక్తంలో షుగర్‌కీ ఈ ఆకుకీ ఏ సంబంధమూ లేదని కొట్టిపారేయలేం. అది వేరే దారి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ ఆకు సారం చిన్నపేగుల్లో గ్లూకోజ్ పీల్చుకోవడాన్ని తగ్గించింది, క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలని పెంచింది. మనుషుల మీద చేసినవాటిలో అందరూ చెప్పుకునేది 1990లో వచ్చిన మద్రాసు పరిశోధన. టైప్-2 డయాబెటిస్ ఉన్న 22 మందికి మామూలు మందులతో పాటు రోజుకి 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. వాళ్ళ షుగర్ తగ్గింది. అయిదుగురు టాబ్లెట్లు మానేసి సారంతోనే నెట్టుకురాగలిగారు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? కానీ 22 మందే. ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్ష కాదది. ఫార్వర్డ్‌లలో "అయిదుగురు మందులు మానేశారు" అన్నదే ఉంటుంది. మిగతా 17 మంది టాబ్లెట్లు వాడుతూనే ఉన్నారన్నది ఉండదు. అవి కూడా డాక్టర్ల పర్యవేక్షణలో.

మొక్క నుంచి షుగర్ మందు రాదా అంటే, వచ్చింది. ఇవాళ లక్షల ఇళ్ళలో వాడే మెట్‌ఫార్మిన్ కథ యూరప్‌లోని గెలీగా అనే అడవి మొక్కతోనే మొదలైంది. అందులోని గెలీజిన్ షుగర్ తగ్గించేది, కానీ విషం కూడా. దాని నిర్మాణం దారిలో వెళ్ళి సురక్షితమైన మెట్‌ఫార్మిన్‌ని 1957 నాటికి ఫ్రాన్స్‌లో రోగులకి ఇవ్వగలిగారు. పొడపత్రి ఇంకా ఆ దారిలో సగంలోనే ఉంది.

పెదనాన్న సంగతికొస్తే, ఆయన టాబ్లెట్లు మానలేదు. వాటి మీద ఈ పొడి కూడా మొదలుపెట్టారు. ఎవరికీ చెప్పలేదు, డాక్టర్‌కి అసలే చెప్పలేదు. వాడేది గ్లిమిపిరైడ్, క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలించే రకం. పొడీ ఆ పనే చేస్తుందని అనుమానం. మూడో వారంలో ఒకరోజు టిఫిన్ లేటైంది. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. చెక్ చేస్తే 54. పొడి వల్లా, టిఫిన్ వల్లా, రెండూ కలిసా అన్నది డాక్టర్ కూడా తేల్చి చెప్పలేదు. "నాకు ముందే చెప్పుంటే టాబ్లెట్ డోసు చూసుకునేవాణ్ణి కదా" అన్నారంతే.

అలాంటప్పుడు మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. ఆకు నమిలి ఉన్నా ఫరవాలేదు. ఆ నీళ్ళు తియ్యగా అనిపించవు కానీ పని మాత్రం చేస్తాయి.

లివర్ సంగతి కూడా ఉంది. 2010లో ఇజ్రాయెల్ డాక్టర్లు షుగర్ కోసం ఈ ఆకు వాడిన ఒకరికి కాలేయం దెబ్బతిన్న కేసుని ప్రచురించారు. ఒక్క కేసుతో ఆకు విషమని చెప్పలేం. కానీ నెలల తరబడి వాడేవాళ్ళు కళ్ళు పచ్చబడుతున్నాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని గమనించుకోవాలి. అడవికో, ఊరవతల కంచెలకో వెళ్ళి కోసుకొచ్చేవాళ్ళకి ఇంకో మాట. తీగ ఏదో పక్కాగా తెలిస్తేనే నోట్లో పెట్టండి. జిల్లేడు బంధువర్గంలో పాలు కారే ప్రమాదకరమైన తీగలు చాలానే ఉన్నాయి.

పొడి కొన్నవాళ్ళు మాత్రం ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చిటికెడు నాలుక మీద వేసి, నిమిషం ఉంచి, కడుక్కుని చక్కెర తినండి. తీపి మామూలుగానే ఉంటే అందులో జిమ్నెమిక్ ఆమ్లాలు పెద్దగా లేనట్టే. పెదనాన్న డబ్బా ఈ పరీక్షలో ఫెయిలైంది. చక్కెర చక్కెరలాగే ఉంది! అంటే అందులో ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన ఆకుని మొత్తానికి వదిలేయలేదు. న్యూజీలాండ్‌లో 2020లో ఒక పరిశోధన వచ్చింది. పొడపత్రి చప్పరించినవాళ్ళు స్వీట్లు తక్కువ తిన్నారు, తినాలన్న కోరికా తగ్గిందని అందులో చూశారు. రుచి లేనిది ఎవరు తింటారు మరి? ఇప్పుడు పెరట్లో కుండీలో ఒక తీగ ఉంది. టాబ్లెట్లు వేళకి పడుతున్నాయి, డాక్టర్‌కి తీగ సంగతి తెలుసు. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు జేబులో రెండు ఆకులు వేసుకుంటారు. మొన్న బంతిలో నా పక్కనే కూర్చుని, పూర్ణాలు తెస్తుంటే ఆకు నమిలి, ఒకటి కొరికి చూసి, "ఉడకబెట్టిన శనగపిండిరా ఇది" అని మిగతాది నా విస్తట్లో పెట్టేశారు.